కొండెక్కిన దీపం

కూర్చోండర్రా, కునికినవాడి చెవి మెలేస్తాను. సముద్రపొడ్డున ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు చంద్రకేతు పాలిచ్చినా మూడుసార్లు వాసన చూసిగానీ తాగడు. అన్నలు వాణ్ణి అనుమానప్పక్షి అని ఏడిపించేవాళ్లు.

వాళ్ల నాయనమ్మ దేవుడి గదిలో తరతరాల దీపం ఒకటి ఉండేది. ఏనాడూ ఆరలేదు... ఛ, నా నోరు పడ! దీపాన్ని అలా అనకూడదు, కొండెక్కలేదు అనాలి. అన్నలు ఆ పాడుమాట అన్నప్పుడల్లా నాయనమ్మ మూతిమీద ఒక్కటిచ్చేది.

ముత్యాల వర్తకుడి వేషంలో ఒక మాంత్రికుడొచ్చి ఆ దీపాన్ని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల, బుడతకీచులనే తెల్లవాళ్ల దేశానికి! పెద్దన్న వెళ్లాడు, రాలేదు. రెండో అన్న వెళ్లాడు, రాలేదు. చంద్రకేతు ఏడుస్తూనే ఓడెక్కాడు.

అక్కడ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండలు మూడు. రెండింటి మీద దీపస్తంభాలు చీకటిగా ఉన్నాయి. మూడోది మాత్రం కొండ కింద, బండల మధ్య వెలుగుతోంది. దీపస్తంభం కింద ఎందుకుంది? చంద్రకేతుకు అనుమానమొచ్చింది.

మొదటి కొండమీద ఆ దేశపు రాకుమారి లియొనోరు కనిపించింది. ఏ భాషలో మాట్లాడుకున్నారని అడిగితే కథ ఆపేస్తా.

"పై దీపాలు ఆ మాంత్రికుడు వెలగనివ్వడు. కిందిది చూసి వచ్చిన ఓడలు బండలకు కొట్టుకుంటున్నాయి," అంది. "అది మీ ఇంటినుంచి ఎత్తుకొచ్చిన దీపమే. ఊదితే పోదు, వాడి మాటే వింటుంది. మీ అన్నలు ఆర్పమని అరిచారు. వాడి చిలుక ఆ మాట పట్టుకుని కూసింది, ఇద్దరూ రాళ్లయిపోయారు. వాడి ప్రాణం చిలుకలోనే ఉంది, గొంతు నులిమెయ్!"

"ప్రాణాన్ని గుమ్మానికి వేలాడదీసుకుంటాడా? నేను నమ్మను," అన్నాడు చంద్రకేతు.

కూలివాడి వేషంలో వెళ్లి, గుమ్మానికి వేలాడే చిలుక పంజరాన్ని కావాలనే కింద పడేశాడు. అది దొర్లిపోయినా మాంత్రికుడు తిరిగి చూడలేదు. దీపంలో నూనె మాత్రం రెండుసార్లు చూసుకున్నాడు. ఓహో, ప్రాణం ఇక్కడా!

"ఎవడివిరా? దొంగచూపులేంటి?"

"ఇంత గొప్ప దీపం బండల్లో పడుంది, పాపం. కొండెక్కితే ఏడు సముద్రాల ఓడలూ మీ దగ్గరికే వస్తాయి కదయ్యా!"

"మోస్తానని చెప్పి ఎత్తుకుపోదామనా?"

"నేను ముట్టుకోను బాబూ. తెలుగింటి దీపమట కదా, మీరే తెలుగులో చెప్పండి."

మాంత్రికుడు చిలుక వంక చూశాడు. అది కిక్కురుమనలేదు. పాపం, వాడికి బేరమాడే తెలుగే తప్ప ఇళ్లలో మాట్లాడే తెలుగు రాదు. ఆశకొద్దీ గొంతెత్తాడు.

"దీపమా, కొండెక్కు!"

ఠప్పున దీపం కొండెక్కింది. మాంత్రికుడు గుప్పెడు మసై రాలిపోయాడు. రాళ్లు రెండూ ఒళ్లు విరుచుకుని అన్నలయ్యాయి. చంద్రకేతు వాళ్లను పట్టుకుని భోరుమన్నాడు.

దీపాన్ని మళ్లీ వెలిగించి మూడో కొండమీద పెట్టారు. ఆ వెలుగులో ఒక్క ఓడ కూడా బండలెక్కలేదు.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?" అంది లియొనోరు.

"ఎందుకూ?" అన్నాడు మనవాడు. ఆమె పకపకా నవ్వింది. పెళ్లి జరిగిపోయింది. వాళ్లు చాలాకాలం ఆ దేశాన్ని ఏలారు.

అన్నలు ఇంటికెళ్లి, గుమ్మంలోంచే కేకేశారు. "నాయనమ్మా, మన దీపం కొండెక్కింది!"

ముసలమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి, ఇద్దరి మూతులమీదా చెరొకటి ఇచ్చింది.

"అయ్యో, వెలుగుతోందే!" అన్నారు వాళ్లు. "నిజంగానే కొండెక్కిందే!"