దొర పట్టిన పార

చెరువు సగమే నిండిన ఏడు అది. కాలువ మొదట్లో పొలమున్న దొర భూపాలయ్య, ఊరికి నీళ్లు పంచే నీరటి సింగమ్మ చేతిలోంచి పార లాక్కున్నాడు.

"ఈసారి నీళ్లు నేనే పంచుతా" అన్నాడు ఊరందరి ముందు. ఇక కింది పొలాలకు చుక్క రాదని అందరూ దిగాలుపడ్డారు.

"మంచిది దొరా. పారతోపాటు నీరటి కట్టుబాటూ మీదే" అంది సింగమ్మ. "పంచినవాళ్లు కోతలనాడు తమ పొలానికి బదులు ఊరు చూపించిన పొలం కోసుకోవాలి. కష్టమనుకుంటే పార ఇచ్చేయండి."

ఇచ్చేస్తే పరువు పోతుంది. దొర పార వదల్లేదు.

ఊరు ఏ పొలం చూపిస్తుందో తెలియక అన్నిటికీ నీళ్లు పారించాడు. వరికి నీళ్లు చాలవని అంతటా తక్కువ నీటితో పండే రాగి పైరు నాటించాడు.

కోతలనాడు ఊరు చిట్టచివరి పొలం చూపించింది. అక్కడా కంకులు నిండుగా ఉన్నాయి.

"వచ్చే ఏడూ పార మీ దగ్గరే ఉంచుకోండి దొరా" అంది సింగమ్మ.