చెంప మీద నిమ్మచెక్క

కాళహస్తిలో కలంకారీ నేర్పే చెంగమ్మకు ఒక అలవాటు ఉండేది. శిష్యురాళ్లు ఏది అడిగినా నోటితో జవాబు చెప్పేది కాదు, చేతికి ఏదో ఒక పని అంటగట్టేది. అడిగినవాళ్లకు ముందు ఒళ్లు మండేది. ఆ రోజు వనజాక్షికి మరీ మండింది.

ఆమె అడిగింది చిన్న మాటే. "అమ్మా, నేనూ కస్తూరీ ఒకే ఎండలో గుడ్డలు ఆరేస్తాం. నాకేమో బుగ్గల నిండా మంగు మచ్చలు. దాని మొహం చూడండి, తోమిన గిన్నె మాదిరి ఉంది. అదేం పూస్తా ఉందో మీకు తెలుసు. నాకు చెప్పకూడదా?"

నిజానికి కస్తూరి ఎప్పుడో చెప్పింది. కాన్పయ్యాక తనకూ మంగు వచ్చిందని, చర్మం డాక్టరమ్మ రాత్రిపూట పూసుకోను ఒక మందు రాసిచ్చిందని, పగలు మొహానికి ఎండ తగలనివ్వకపోవడమే అసలు వైద్యమని గట్టిగా చెప్పిందని, అందుకే తాను ఎండ క్రీము రాసుకుని నెత్తిన కొంగు కప్పుకుని గానీ బయటికి రానని పూసగుచ్చినట్టు చెప్పింది. నెలల తరబడి ఓపిక పడితే మంగు పలచబడిందట. ఇంకా కాస్త మిగిలే ఉందని చెవి పక్కన జుట్టు తీసి చూపించింది కూడా. వనజాక్షి నమ్మితేగా! అసలు మందు దాచుకుని కొంగు కథలు చెబుతోంది మహాతల్లి, అనుకుంది. గుడ్డలు కొనవచ్చినవాళ్లెవరైనా కస్తూరిని ఫొటో తీస్తే ఆ పూట వనజాక్షికి అన్నం సయించేది కాదు. అంత కడుపుమంట.

ఆ మంటలో ఆమె కలంకారీవాళ్లకు తప్ప ఇంకొకరికి తోచని పని ఒకటి చేసింది. ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసే నల్లసిరాను వాళ్లు కసిం అంటారు. గీసేటప్పుడు కసిం చుక్క జారి గుడ్డ మీద పడితే నిమ్మరసం అద్ది తీసేస్తారు. గుడ్డ మీది నలుపును తీసే నిమ్మరసం బుగ్గ మీది నలుపును తియ్యదా? నిమ్మచెక్కతో బుగ్గలు చురచురలాడేదాకా రుద్దుకుంది. ఆ మొహంతోనే గుడ్డలు ఆరెయ్యడానికి స్వర్ణముఖి ఏటి ఇసుకలోకి పోయింది. మొహం కమిలిపోయింది. ఆ ఎరుపు తగ్గేసరికి మంగుకు తోడు దానికంటే నల్లటి చారలు తేలాయి. సరిగ్గా రుద్దలేదు కాబోలని మళ్లీ రుద్దింది. ఇవాళ కూడా రుద్దుకునే వచ్చింది.

చెంగమ్మ ఆ చారల వంక ఒకసారి చూసింది. కస్తూరి ఎంతో కాలంగా గీస్తున్న పార్వతీ కల్యాణం గుడ్డను తెచ్చి పరిచింది. అమ్మవారి బుగ్గ మీద, సరిగ్గా కన్ను కింద, కసిం చుక్క పడి ఉంది. కస్తూరి గోడవారన కూర్చుని ఏడుస్తోంది.

"దీన్ని నువ్వు తియ్యి," అంది చెంగమ్మ వనజాక్షితో.

అడిగింది చెప్పకుండా ఈ పనొకటా అని వనజాక్షికి ఒళ్లు మండింది. దాచడమెందుకు, లోలోపల సంబరమూ వేసింది. బాగా అయింది దీనికి, అనుకుంది. ఆ వెంటనే భయమేసింది. ఇద్దరికీ పడదని అందరికీ తెలుసు. గుడ్డ పాడైతే కావాలనే చేసిందంటారు. ఆమె చేతులు కడుక్కుని గుడ్డను నీడలోకి లాక్కుంది. నిమ్మరసంలో నీళ్లు కలిపి, ముందుగా అంచున ఎవరికీ కనబడని మూల అద్ది చూసింది. తర్వాత పుల్లకు దూది చుట్టి చుక్క మీద తాకీ తాకనట్టు అద్దింది. కాసేపు ఆగి తడిబట్టతో ఒత్తింది, మళ్లీ అద్దింది. రుద్దడమన్న మాటే లేదు. నలుపు విరిగి, బూడిద రంగై, చివరికి పలచటి నీడలా మిగిలింది. అక్కడితో చెయ్యి తీసేసింది.

"ఇంకా కనబడతానే ఉందే," అంది చెంగమ్మ. "గట్టిగా రుద్దరాదూ, పోతుంది."

"వద్దమ్మా. రుద్దితే రంగు నిలవడానికి గుడ్డకు పట్టించిన కరక్కాయా పాలూ కాస్తా పోతాయి. బుగ్గ తెల్లగా పాలిపోయి, ఆ పైన ఏ రంగూ నిలవదు. ఈ పూటకు ఇంతే. ఆరనిచ్చి రేపు చూద్దాం. కొంచెం మిగిలితే మిగిలిందిలే, అమ్మవారి మొహానికి వచ్చిన లోటేముంది?"

కస్తూరి లేచి వచ్చి గుడ్డ చూసుకుంది. "నీ కడుపు చల్లగుండక్కా," అంది కళ్లు తుడుచుకుంటూ. వనజాక్షి తల దించుకుంది.

చెంగమ్మ ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"గిట్టనిదాని గుడ్డను ఇంత మెత్తగా చూశావు," అంది. "నీ బుగ్గ నీకేం పాపం చేసిందే?"