సింహాచలం పెదవి మీద పొక్కులు

అనగనగా వంశధార ఒడ్డున ఓ ఊళ్ళో సింహాచలం అని సన్నాయి వాయించేవాడు ఉండేవాడు తల్లీ. అతని పక్కన డోలు కొట్టేవాడు పైడయ్య. వరసకి బావ. వాళ్ళిద్దరూ రాకపోతే పెళ్ళింటికి కళే వచ్చేది కాదు.

ఓ మాఘమాసంలో పెళ్ళి మీద పెళ్ళి. ఎండలో ఊరేగింపులు, కంటికి కునుకు లేదు. అప్పుడు సింహాచలం కింది పెదవి ఓ మూల చిమచిమలాడింది. ఆ తర్వాత సగ్గుబియ్యంలా నీటిపొక్కులు లేచాయి. సన్నాయి నోట పెడితే ప్రాణం విలవిల్లాడింది. బల్లి పాకిందేమో అనుకుని పసుపు రాశాడు. ఎండి, చెక్కుకట్టి, పోయింది.

వైశాఖంలో మళ్ళీ వచ్చింది. అదే పెదవి, అదే మూల!

"ఏటిది? వెతుక్కుంటూ ఇక్కడికే వస్తోంది!" అని తల గోక్కున్నాడు. నోట పెట్టుకునే సన్నాయి పీకదే తప్పనుకుని కొత్త పీక కట్టాడు.

జ్యేష్ఠంలోనూ వచ్చింది. అప్పుడతని చూపు పైడయ్య మీద పడింది. ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగేవారు మరి.

"నీ ఎంగిలే నాకు అంటింది బావా!" అని పెళ్ళివారందరి ముందూ అనేశాడు.

పైడయ్య మొహం చిన్నబోయింది. డోలు భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదా. సింహాచలం ఇంటిపట్టునే ఉన్నాడు. వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. జ్వరం వెనకాలే పొక్కులు! అతనికి మతిపోయింది. నోట సన్నాయి లేదు, పక్కన పైడయ్య లేడు. మరెక్కణ్ణుంచి వచ్చింది?

పెద్దాసుపత్రికి పోయి డాక్టరమ్మని అడిగాడు.

"ఇది కంటికి కనపడని పురుగయ్యా, ఇప్పుడు బయటినుంచి రాలేదు. పసితనంలో ఎవరో ముద్దుపెట్టినప్పుడు చేరుంటుంది. చెవి ముందు లోపల ఓ నరం మొదలు దగ్గర పడుకుంది. పడుకున్నన్నాళ్ళూ పెరగదు, పిల్లల్ని పెట్టదు. అందుకే ఒంట్లో రోగాన్ని పట్టే కాపలావాళ్ళకి దొరకదు. జ్వరమో, ఎండో, నిద్రలేమో వస్తే ఆ నరం లోపలంతా కంగారు. ఆ కంగారుకి పురుగు లేస్తుంది. ఆ నరం చేతే తనలాంటి వాటిని బోలెడు చేయించుకుని, అదే నరం వెంట అదే మూలకి దిగుతుంది."

"పీకి పారేయండమ్మా!"

"లేచినదాన్ని మందు పెరగనివ్వదు. పడుకున్నదాని జోలికి పోవడం దానివల్ల కాదు. చిమచిమ మొదలవగానే మాత్రలు వేసుకో. పొక్కులున్నప్పుడు పసిపిల్లల్ని మాత్రం ముద్దాడకు. వాళ్ళ ప్రాణానికే ముప్పు."

సింహాచలానికి సగం అర్థమైంది, సగం కాలేదు. ఎప్పుడో పెట్టిన ముద్దేమిటి, ఇన్నేళ్ళు నిద్రేమిటి? పైడయ్యని అన్న మాట మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. తిన్నగా వాళ్ళింటికి నడిచాడు.

పైడయ్య వాకిట్లో అరుగు మీదే కూర్చున్నాడు. చేతుల్లో కూతురి కూతురు. పుట్టి వారమైనా కాలేదు.

"తప్పు నాదే బావా. అనరాని మాటన్నాను," అన్నాడు సింహాచలం.

పైడయ్య "ఇదిగో, నీ మనవరాలు," అని పాపని చాపాడు. సింహాచలం చేతులు ముందుకెళ్ళాయి. అంతలో చటుక్కున వెనక్కి జరిగాడు.

పైడయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంకా మా ఇంటి ఎంగిలి గురించేనా?"

"కాదు బావా! ఎంగిలి నాదే. ఈ పొక్కులు మానేదాకా దాన్ని నాకియ్యకు. నేనడిగినా ఇయ్యకు."

పైడయ్యకి ఏమీ బోధపడలేదు. కానీ సింహాచలం కళ్ళు పాపని వదలకపోవడం చూశాడు. పాపని గుండెకి హత్తుకుని, అరుగు మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.

కథ వెళ్ళింది కంచి దారి,
కునుకొచ్చింది కంటి దారి.