అరవై అంగల పట్టుదారం

మేఘాలు కిటికీల్లోంచి వచ్చి పోయే ఒకానొక కొండ రాజ్యాన్ని వైభవసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ప్రతిదీ పొడవుగా ఉండాలి. బిరుదులు, భోజనాలు, ఆఖరికి ఉత్తరీయం కూడా.

ఆ కోటలో సూదులసాల అని ఒక గది ఉండేది. అక్కడ ఇరవై ఇద్దరు స్త్రీలు జల్లెడలాంటి బట్టను చట్రానికి బిగించి, రంధ్రం రంధ్రంలో పట్టుదారం పోనిస్తూ కొలనులూ హంసలూ కుట్టేవారు. వారికి పెద్ద సూరమ. చేతిలో సూది ఎంత చురుకో, నోట లెక్క అంత చురుకు.

ఒకనాడు రాణిగారి ఊయల బట్ట మీద పదహారు రేకుల తామర కుట్టబోతుండగా రాజు వచ్చాడు. మూరెడేసి దారాలు చూసి ముఖం చిట్లించాడు.

"ఇవేమిటి సూరమా, తుంపులు? మాది తెగని వంశం. మా బట్టలో దారం తెగితే అపశకునం. మండపమంత పొడుగు దారంతో కుట్టండి. పున్నమికి పూర్తి కాకపోతే ఈ సాలను నెమళ్లకు ఇచ్చేస్తాం."

"నెమళ్లు కుడతాయా ప్రభూ?"

"ఆడతాయి. మీరు అదీ చెయ్యరు."

అని తానే అరవై అంగల దారం కొలిచి ఇచ్చాడు. సూరమ దాన్ని కళ్లకద్దుకుంది.

"చిత్తం. మా సాలలో ఒక ఆచారం ఉంది ప్రభూ. దారం కొలిచిన చెయ్యే మొదటి రేకు కుట్టాలి. మా అత్తగారు నాచేత అలాగే కుట్టించింది."

"రేకుకు ఎన్ని కుట్లు?"

"తొంభై."

"ఒక పూట పని," అన్నాడు రాజు.

మర్నాడు ఉదయం, మండపానికీ తోటకూ నడుమనున్న వాకిట్లో చట్రం నిలబెట్టారు. రాజు సూది గుచ్చి, దారం మొత్తం బయటికి రావడానికి మండపం చివరిదాకా అరవై అంగలు నడిచాడు. తిరిగివచ్చి పక్క రంధ్రంలో గుచ్చి, చట్రం చుట్టూ తిరిగి తోటలోకి అరవై అంగలు లాక్కుపోయాడు. మంచులో ఆయన కనబడలేదు. పట్టుదారం ఒక్కటే మెత్తగా కదిలిపోతోంది, పొగమంచే కుడుతున్నట్టు. 

అలా అటూ ఇటూ చాలాసార్లు నడిచాక కిరీటంలో ఆకులతో రాజు తిరిగొచ్చాడు.

"ఎన్ని అయ్యాయి?"

"ఏడు ప్రభూ."

"వందలా?"

"ఉత్త ఏడు. కుట్టుకు రెండువందల నలభై అంగలు. ఇప్పటికి పదహారు వందల ఎనభై నడిచారు. రేకు పూర్తయ్యేసరికి ఇరవై ఒక్క వేల ఆరువందలు. దారం తరిగే కొద్దీ ఒకటి రెండు అంగలు తగ్గిస్తాను."

రాజు గడప మీద కూలబడ్డాడు. దారం మెలిపడి, నూగు లేచింది.

"ఇదేం రోగం దీనికి?"

"బట్టలోంచి దూరిన ప్రతిసారీ పట్టు అరుగుతుంది ప్రభూ. మెలి పోవాలంటే సూదిని వదిలేయాలి." సూరమ మూరెడు దారానికి సూదిని వేలాడదీసింది. అది రాలే ఆకులా నెమ్మదిగా తిరిగి తిరిగి, మెలి విప్పుకుని నిద్రపోయినట్టు ఆగింది. "మీ దారం వేలాడాలంటే బురుజు ఎక్కాలి."

"తెంపితే వంశం మాటేమిటి?" అన్నాడు రాజు, పిక్కలు నొక్కుకుంటూ.

సూరమ ఒక పాత పని తెచ్చి తిరగేసి చూపింది. "కొత్త దారం కొసను పాత కుట్ల కిందనుంచి పోనిస్తాం. ముడి కూడా అక్కర్లేదు. పాతదే కొత్తదాన్ని పట్టుకుంటుంది. మీ తాతగారు మూరెడు కాలం ఏలారు, మీ తండ్రిగారు మూరెడు. అరవై అంగలు ఎవరూ సాగలేదు. వంశం తెగిందా ప్రభూ?"

రాజు ఆ వెనకవైపును వేలితో తడిమి చూశాడు. తర్వాత కిరీటంలోని ఆకులు రాలేలా నవ్వాడు.

"కత్తెర ఇటివ్వు."

తానే దారం తెంపాడు. వెలుగు బాగా పడే ఆ మండపాన్ని కూడా సూదులసాలకే రాసిచ్చాడు.

పున్నమికి రెండు రోజుల ముందే తామర పూసింది. మొదటి రేకులో ఏడు కుట్లు నలిగి ఉన్నాయి. విప్పి మళ్లీ కుడతామంటే రాజు ఒప్పుకోలేదు.

"వద్దు. అవి నేను నడిచి సంపాదించుకున్నవి."