పెద్దకాపు అడిగిన ప్రశ్న

ఊరి ఆడవాళ్లు మూడేళ్లుగా కోసెడు దూరంలోని వాగు నీళ్లు మోస్తున్నారు. పెద్దకాపు వీరభద్రయ్య మాత్రం కొత్త బావి తవ్వించానని రాజుగారికి కబురంపాడు. చూసి రమ్మని రాజు పంపిన అధికారిని చావడిలోనే కూర్చోబెట్టి, తాంబూలమిచ్చి, చాటింపు వేసే ఓబులేసును పిలిచాడు.

"బావి పూర్తయిందని చాటరా!"

పెద్దకాపు నోట వచ్చిన ప్రతి మాటా చాటాలన్నది అక్కడి కట్టుబాటు. ఓబులేసు చేతులు కట్టుకున్నాడు.

"అట్లాగే అయ్యా. మీ పెరటి బావి మూయించి, రేపటినుంచి మీ ఇంటికీ కొత్త బావి నీళ్లే మోయమని చాటమంటారా?"

పెద్దకాపు గబుక్కున లేచాడు. "మతి పోయిందా? ఆ మోకాలిలోతు గోతిలో చుక్క నీళ్లున్నాయా? ఇంటిల్లిపాదీ ఏం తాగి బతకాలి?"

అధికారి తాంబూలం పక్కన పెట్టాడు. ఓబులేసు అప్పటికే వీధిలో డప్పు మోగిస్తున్నాడు.

"వినండహో! ఆ గోతిలో చుక్క నీళ్లున్నాయా? ఇంటిల్లిపాదీ ఏం తాగి బతకాలి? పెద్దకాపుగారు అడుగుతున్నారహో!"