సోడె వారి పెద్దకొడుకు

అప్పుడెప్పుడో, మా తాతకి తాత ఉయ్యాల్లో ఉన్ననాడు, మన గోదారి కొండల్లోకి ఒక పాదిరి వచ్చాడు. గుస్తావు ఆయన పేరు. లూథరన్ మిషనోళ్ళు పంపారు. ఎండకి మొహం పండుమిరపకాయలా కందిపోయేది, పాపం. నవ్వకండర్రా, వినండి.

మన కోయోళ్ళకి దేవుడి మాట చెబుదామని వచ్చాడు. చెబుదామంటే మాటే రాదాయె! అంచేత అడగడం మొదలెట్టాడు. మొదటి వానలకి చెట్ల పేర్లడిగాడు. "నాకు తెలీదు, చెప్పండి." రెండో వానలకి చుట్టరికాలడిగాడు. "నాకు తెలీదు, చెప్పండి." మూడో వానలకి రాజులనే డోలివాడి పక్కన చేరి, "నాకు తెలీదు, చెప్పండి" అన్నాడు.

రాజులు మన సోడె ఇంటిపేరోళ్ళకి డోలు కొట్టేవాడు. మనింట్లో ఎవరు పోయినా తాతముత్తాతల పేర్లన్నీ వరసగా పాడి, "ఇదిగో మీవాడొస్తున్నాడు, కలుపుకోండి" అని అప్పజెప్పేవాడు. ఆ పాట లేకపోతే పోయినవాడు దారి తెలీక అడవిలో తిరుగుతూనే ఉంటాడు. రాజులుకి పిల్లల్లేరు. నేర్చుకుంటానన్నది ఈ తెల్లాయనొక్కడే. సరే, కూచోమని పేర్లన్నీ నేర్పాడు.

ఆ ఏడు మాయదారి జ్వరమొచ్చింది. రాజుల్ని తీసుకుపోయింది. వెనకాలే సోడె జోగమ్మ ఒక్కగానొక్క కొడుకు కన్నయ్యనీ తీసుకుపోయింది. పక్కూరి డోలోళ్ళకి మనింటి పాట రాదు.

జోగమ్మ వెళ్ళి పాదిరి గుమ్మంలో కూలబడింది.

"పాట నీకొచ్చుగా అయ్యా. నా బిడ్డని అడవిలో వదిలెయ్యకు."

"అమ్మా, నేను పాదిరిని. ఆ పాట పాడితే మిషనోళ్ళు వెళ్ళగొడతారు. మా దేవుడేమంటాడో!"

"మీ దేవుడికీ అమ్మ ఉందన్నావు. కొడుకు పోతుంటే నిలబడి ఏడ్చిందన్నావు. ఆవిణ్ణడుగు, ఏమంటుందో!"

ఆయన, రాజులు వదిలిపోయిన డోలు మెళ్ళో తగిలించుకుని బయల్దేరాడు.

ఊరిపెద్ద అడ్డం తిరిగాడు. "ఇంటివాడు కానివాడు పిలిస్తే మన తాతలు పలుకుతారా?"

"ఇంటివాడే!" అంది జోగమ్మ. అందరి ముందూ తన సొరకాయ బుర్రలో అంబలి ఆయన చేత తాగించింది. "వీడు నా పెద్దకొడుకు. తమ్ముణ్ణి సాగనంపుతాడు. ఇంకెవడన్నా నోరెత్తితే ఊరుకోను."

పాడాడు. గొంతా, కప్ప గొంతే! అయితేనేం, ఒక్క పేరూ వదల్లేదు. జోగమ్మ కరువుతీరా ఏడ్చింది. ఏడ్చి, ఆ పూట ఇంత ముద్ద తింది.

ఆయన భయపడ్డట్టే అయింది, మిషనోళ్ళు ఆయన్ని తీసేశారు. జోగమ్మ ఇల్లుందిగా! అక్కడే పోడు కొట్టుకుంటూ, ఆదివారం తన ప్రార్థన తను చేసుకుంటూ, మన పిల్లలకి ఆ పాట నేర్పుతూ ముసలాడైపోయాడు. ఆయన పుణ్యమే నాయనా, మన తాతలెవరో ఇవాళ మనకి తెలిసింది.

ఆయన పోయినప్పుడు ఆయన నేర్పిన పిల్లలే డోలు కొట్టారు. మన పెద్దల రాళ్ళ పక్కనే ఆయనకీ రాయి పాతారు. ఇప్పటికీ మనింట్లో ఎవరు పోయినా, డోలివాడు పేర్లు పాడుతూ పాడుతూ ఒక చోట ఆగుతాడు. కూచున్నవాళ్ళందరం లేస్తాం. చంకలో పిల్లలుంటే వాళ్ళతో సహా లేస్తాం. ఆ ఒక్క పేరూ డోలివాడు పాడడు, మనమే అంటాం: "గుస్తావు, జోగమ్మ కొడుకు."