పేలు లేని దురద

బొమ్మరాళ్ల అడవిలో దుప్పులున్నాయి, నెమళ్లున్నాయి, ఎలుగులున్నాయి, నల్లమూతి కొండముచ్చులున్నాయి. వాటన్నిటికంటే ఎక్కువ గోల చేసే ఎర్రమూతి కోతులూ ఉన్నాయి. ఆ అడవి మధ్యనుంచి కొండమీదికి ఒక రోడ్డు పోతుంది. రోడ్డు మలుపులో బస్సులు ఆగుతాయి. బస్సుల్లోవాళ్లు కోతులకు బన్నులు, బిస్కెట్లు, చిప్స్ విసురుతారు. పుణ్యం అనుకుంటారు. ఏం పుణ్యమో, నా మొహం!

కోతుల మందకు నాయకుడు జబ్బలరాయుడు. మెడచుట్టూ దట్టమైన బొచ్చు, ఒళ్లంతా పొగరు. "చెట్లెక్కి కాయలు ఏరుకునేది దిక్కులేనివాళ్లు. మన తిండి మన దగ్గరికే బస్సెక్కి వస్తుంది," అని మందనంతా మలుపు దగ్గరే కూర్చోబెట్టాడు. రెండేళ్లుగా ఆ మంద చిగురాకు ముట్టలేదు, మిడతను పట్టలేదు.

ఆ మందలో సింగారి అనే తల్లికోతి ఉంది. దాని కూతురు ముత్తి. పాలు మాని బన్నులకు మరిగిన పిల్ల. ఒక వేసవిలో ముత్తి ఒళ్లు పొడిబారింది. పెదవుల మూలలు పగిలాయి. వీపుమీద బొచ్చు రాలి తెల్లటి పొలుసులు లేచాయి. పొద్దస్తమానం గీక్కోవడమే దాని పని.

కోతుల్లో ఒక ఆచారం ఉంది. సాయంత్రం వరసగా కూర్చుని ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి. ఆ వరసలో చోటుంటేనే మందలో చోటు. ఒకనాడు రాయుడు ముత్తి వీపు చూశాడు. "ఇవన్నీ పేల గుడ్లు! గట్టిగా ఏరండి," అన్నాడు.

నాలుగు కోతులు పిల్లను అదిమిపట్టి పొద్దుగూకేదాకా ఏరాయి. అవి పేల గుడ్లు కావు. ఎండి లేచిన తోలు. ఏరినకొద్దీ తోలు ఊడింది, రక్తం కారింది. మర్నాడు మళ్లీ ఏరాయి. పిల్ల కీచుమని ఏడుస్తున్నా ఒక్కటీ చెయ్యి ఆపలేదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది!

పుండ్లు పడ్డాక రాయుడు ఇంకో తీర్పు చెప్పాడు. "ఇది అంటుజబ్బు. తల్లి శుభ్రంగా పెంచలేదు. ఈ పిల్ల వరసలో కూర్చోకూడదు."

"ఏరించి పుండ్లు చేసింది నువ్వే కదా?" అంది సింగారి.

"నోరు ముయ్యి! దాన్ని వదిలేస్తే నీకు చోటుంది. లేదంటే ఇద్దరూ పొండి."

సింగారి పిల్లను పొట్టకు కరుచుకుని అడవిలోకి వెళ్లిపోయింది. ముత్తి అప్పటికే తూలిపోతోంది. పుండ్లమీద ఈగలు ముసురుతున్నాయి. పిల్ల వానలదాకా బతుకుతుందా అని తల్లికి ఒకటే గుబులు. వాగు ఒడ్డునుంచి ఎర్రమట్టి తెచ్చి పూసింది. వేపాకు నమిలి రాసింది. మట్టి ఎండి రాలిపోయింది, పుండ్లు అలాగే ఉన్నాయి.

చింతచెట్టు మీదినుంచి ఒక ముసలి కొండముచ్చు ఇదంతా చూసింది. దిగి వచ్చి, పిల్ల బొచ్చు పాయలు తీసి నెమ్మదిగా వెతికింది.

"ఒక్క పేనూ లేదు. దీనికి ఏం పెడుతున్నావే?"

"బన్ను, అవ్వా. రోజూ కడుపునిండా పెడతాను. ఒక్కపూట కూడా పస్తు ఉంచలేదు."

ముసలిదానికి కోపం నషాళానికి అంటింది. "కడుపు నింపారు సరే, ఒంటికేం పెట్టారు? తోలు ఊరికే పుడుతుందా? బొచ్చు గాలికి మొలుస్తుందా? తిన్నదాంట్లోంచే కదా పుట్టేది! ఆ తెల్ల బన్నులో ఏముందని పుండు మానుతుంది? లోపల సరుకు లేకుండా పైపైన ఎంత పూస్తే ఏం లాభం?"

సింగారి ఏడ్చేసింది. "నాకెవరూ చెప్పలేదవ్వా."

"నిన్ను కాదే తిట్టేది, నీకు ఈ తిండి నేర్పినవాణ్ని," అని కొండముచ్చు చింతచిగురు కోసి పిల్ల నోట్లో పెట్టింది.

ముత్తి తుపుక్కున ఉమ్మేసింది. బన్నే కావాలని రెండురోజులు మొండికేసింది. సింగారి వదల్లేదు. మొర్రిపండ్లు తినిపించింది, గింజలు పగలగొట్టి పప్పు పెట్టింది. మేడిపండ్లు, లేత ఆకులు, మిడతలు, ఏది దొరికితే అది తెచ్చింది. పుండ్లను వాగునీళ్లతో కడిగేది, గిల్లనిచ్చేది కాదు. నెల తిరిగేసరికి పెదవుల పగుళ్లు మానాయి. తొలకరికి నేలలోంచి రెక్కల ఉసిళ్లు లేచాయి. తల్లీకూతుళ్లు పిడికిళ్లతో పట్టుకుని తిన్నాయి. అప్పటికి ముత్తి వీపుమీద కొత్త బొచ్చు నూగుగా మొలిచింది.

మరి మలుపు దగ్గర ఏమైంది? పైన పటారం, లోన లొటారం ఎన్నాళ్లు సాగుతుంది! రాయుడి మెడచుట్టూ బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. "ఏరండి! ఇంకా గట్టిగా ఏరండి!" అని అరిచాడు. ఏరిన చోటల్లా పుండు పడింది.

ఒకరోజు బస్సు ఆగింది. రాయుడు ఎప్పటిలా దర్జాగా చెయ్యి చాపాడు.

"అమ్మో, గజ్జికోతి! అద్దం వెయ్యండి!" అని లోపలినుంచి ఒకావిడ కేకపెట్టింది. టపటపా అద్దాలు మూసుకున్నాయి. డ్రైవరు హారన్ కొట్టుకుంటూ పోయాడు. తర్వాత వచ్చిన బస్సూ అంతే. "నీ మొహం చూసి మాకూ ఏమీ విసరడం లేదు, పో!" అని మంద రాయుణ్ని వరసలోంచి గెంటేసింది. గెంటడం నేర్పింది అతనే కదా, బాగానే నేర్చుకున్నాయి.

జల్లులో వణుకుతూ రాయుడు సింగారిని వెతుక్కుంటూ వచ్చాడు. పుండ్ల వీపు దానివైపు తిప్పి కూర్చున్నాడు.

"దురదతో చస్తున్నాను. కాస్త పేలు చూడు," అన్నాడు.

సింగారి కళ్లు ఎర్రబడ్డాయి. "సిగ్గు లేదూ నీకు? నా పిల్లకు రక్తం కారుతుంటే ఏరించావే, అప్పుడు నొప్పి తెలియలేదా? పైగా నేను శుభ్రంగా పెంచలేదన్నావు! ఇంత జరిగాక కూడా ఇంకా పేలేనా?"

రాయుడు తల దించుకున్నాడు.

సింగారి గుప్పెడు ఉసిళ్లు తెచ్చి అతని ముందు విసిరికొట్టింది.

"వీపు కాదు చూపించాల్సింది. ఇటు తిరిగి నోరు తెరువు!" అంది.

నీతి: ఒంటిమీద లేచిన జబ్బుకు వేరు ఒక్కోసారి తిండిలో ఉంటుంది. సరైన తిండి పెట్టకుండా తోలు గీకేవాడూ, పుండు చూసి గెంటేసేవాడూ, ఇద్దరూ మూర్ఖులే.